విత్తు కొట్టినా తగ్గని పొగరు: దాణాతో తగ్గునా?

ట్రాక్టర్లు వచ్చినప్పటికీ, మా ఆసిఫాబాదు ప్రాంతపు నల్లరేగడి చేలలో ఎద్దులను నమ్ముకొన్న రైతులు నేటికీ ఉన్నారు. శ్రావణ అమావాస్యనాడు వచ్చే పొలాల పండుగకు వాటి కొమ్ములకు రంగులు పూసి అలంకరించుట ఇక్కడి ఆచారము. కోడె కాడికి లొంగవలెనని విత్తు కొట్టిస్తారు. మగ గుర్రానికీ అట్లే చేస్తారు. అట్టి గుర్రాన్ని ఉర్దూలో 'ఆఖ్తా' అంటారు. అయినను కొన్ని పశువులు రంకెలు వేయుట, ఆడ పశువుల వెంటపడుట, మనుషుల మీదికి వచ్చుట మానవు. అప్పుడు యజమాని 'వేడి తగ్గించే' పొడులను దాణాలో కలుపుటకు డబ్బు వెచ్చిస్తాడు. ఆ వ్యయము సార్థకమా అన్నదే మేమిక్కడ విచారింపదలచిన విషయము.

మగతనపు లక్షణాలకు మూలము టెస్టోస్టెరాన్ అనే హార్మోను. దానిని ప్రధానముగా వృషణాలే తయారుచేస్తాయి. వాటిని తొలగించగానే రక్తములో ఆ హార్మోను త్వరగా తగ్గుతుంది. అలవాటు తగ్గుటకు మాత్రము వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. కనుక మొదట కావలసినది ఓర్పు.

ఓర్పు పట్టినా మార్పు రానిచో కారణము వెదకవలెను. పశువులకు వాడే బర్డిజో పటకారు చర్మాన్ని కోయదు. వృషణానికి రక్తము చేర్చే త్రాడును లోపలనే నలుపుతుంది. ఒక ప్రక్క త్రాడు జారిపోయినచో ఆ వృషణము బ్రతికే ఉంటుంది. అందుచేత నాలుగు నుండి ఆరు వారాల తరువాత రెండును కుంచించుకొనిపోయినవో లేదో చూడవలెను. గుర్రాలలో కొన్నింటికి ఒక వృషణము కడుపులోనే నిలిచిపోతుంది. దానివల్ల సంతానము కలుగకపోయినా హార్మోను మాత్రము పుడుతూనే ఉంటుంది. రక్తపరీక్షతో దీనిని గుర్తింపవచ్చు, నివారణ శస్త్రచికిత్సయే.

మూడవ కారణము అభ్యాసము. వృషణాలు పూర్తిగా తీసిన గుర్రాలలో సైతము సుమారు 20 నుండి 30 శాతము మగ గుర్రపు నడవడిని కొంత చూపుతాయని 1985లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఇట్టి వానికి మందు శిక్షణ, క్రమమైన పని, ఆడ పశువులకు దూరముగా కట్టుట.

ఇక దాణా మాట. మిగిలిన వృషణాన్ని ఏ పొడియు అణచలేదు. మెగ్నీషియం లోపించినచో పశువు బెదురుతుంది. ఆ లోపమున్నప్పుడు దాని లవణము మేలు చేస్తుంది, లోపము లేనిచోట ఇచ్చుట వ్యర్థము. అయితే దాణాకు అసలు పాత్రయే లేదనరాదు. పని లేని దినాలలో ఉలవలు, బెల్లము, ధాన్యము దండిగా పెట్టినచో ఆ బలము ఉరుకులలో బయటపడుతుంది. పని తగ్గినప్పుడు ధాన్యము తగ్గించి గడ్డి పెంచవలెను. అదియు ఒక్కసారిగా గాక వారము పది దినాలలో క్రమముగా జరుగవలెను. లేనిచో గుర్రానికి కడుపునొప్పి, ఎద్దుకు అజీర్ణము కలుగవచ్చును.

మన విద్యార్థులలో అనేకులు రైతుబిడ్డలు. ఇంట పొగరెక్కిన ఎద్దు ఉన్నచో దాని దగ్గరికి చిన్నపిల్లలను పోనీయక, పొడి కొనుటకు ముందే పశువైద్యుని చేత పరీక్ష చేయింపుడు. కారణము తెలిసిన పిదప, పొడికి వెచ్చింపదలచిన సొమ్ము తగిన చికిత్సకు ఉపయోగపడుతుంది.