మహిళల మానవ హక్కులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇవి పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతైన హక్కులు.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో, స్వేచ్ఛగా సమానంగా పుట్టేది ‘పురుషులందరూ’ అని ఉండేది. ‘మానవులందరూ’ అని మార్చాలని పట్టుబట్టింది భారత ప్రతినిధి హంసా మెహతా. 1948 డిసెంబరు 10న ఆ మార్పుతోనే ప్రకటన ఆమోదం పొందింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారాపై తిరగబడింది కూడా పాశ్చాత్యులెవరో నేర్పితే కాదు. తాగొచ్చి కొట్టే భర్తలు, సారాకే పోయే కూలి డబ్బులు వారిని కదిలించాయి.

అపోహ: ఆలుమగల గొడవ ఇంటి విషయం; మానవ హక్కులతో దానికి పనిలేదు.

వాస్తవం: లాకప్‌లో పోలీసు కొడితే హక్కుల ఉల్లంఘన, ఇంట్లో భర్త కొడితే కాపురంలో మామూలే అనే ధోరణిని స్త్రీవాదులు నిలదీశారు. హింస జరుగుతోందని తెలిసీ ఆపని ప్రభుత్వానిదీ తప్పేనన్నారు. మహిళల హక్కులు మానవ హక్కుల్లో విడదీయరాని భాగమని 1993లో వియన్నాలో జరిగిన ప్రపంచ మానవ హక్కుల సదస్సు తేల్చిచెప్పింది. భారత్‌లో 2005 నాటి గృహహింస చట్టం ఈ ఆలోచనకు అనుగుణమైనదే. భర్త అర్ధరాత్రి మెడపట్టి గెంటేసిన భార్య, ఇల్లు తన పేరున లేకపోయినా, అక్కడే ఉండే హక్కు కోసం మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

అపోహ: అంతర్జాతీయ ఒప్పందాలు ఉత్త కాగితాలు.

వాస్తవం: మహిళలపై అన్ని రకాల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించింది, భారత్ 1993లో ధ్రువీకరించింది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేని 1997లో, విశాఖ అనే సంస్థతో పాటు మరికొందరు రాజస్థాన్ ప్రభుత్వంపై వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ ఒప్పందాన్ని ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో అవి చట్టరూపం దాల్చాయి.

అపోహ: చట్టం వస్తే హక్కు చేతికొచ్చినట్టే.

వాస్తవం: హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించింది. అప్పటికే పెళ్లైనవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్ట సవరణతో పెళ్లైన కూతుళ్లకూ ఈ హక్కు దక్కింది. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అన్నదమ్ముల పేరున హక్కు విడుదల పత్రంపై సంతకం పెట్టే ఆడపడుచులు నేటికీ ఉన్నారు. ‘కట్నం ఇచ్చాంగా’ అనేవారి మాట, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం వారి చేత ఆ సంతకం పెట్టిస్తాయి. కట్నం వాటాకు బదులు కాదు. 1961 నుంచీ అది నేరం. వాటా కోసం కోర్టుకెక్కాలంటే డబ్బు లేదని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ మహిళైనా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయసహాయం పొందవచ్చు.