హాకీ మైదానం నుంచి హస్తిన దాకా...

బ్యాలెట్ పేపరు ఇస్తారనుకుంటే చేతిలో ఏకంగా పుస్తకం పెట్టారు!

1996లో నల్గొండ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటు వేయడానికి వెళ్లినవారి అనుభవమిది. బరిలో ఉన్నది పదిమందో ఇరవైమందో కాదు... అక్షరాలా 480 మంది. తమకు కావలసిన గుర్తు కోసం ఓటర్లు పేజీలు తిప్పి తిప్పి వెతుక్కున్నారు. అంతమందిలోనూ ఎక్కువ ఓట్లు పడింది కంకి కొడవలికే. ఆ గుర్తుమీద గెలిచిన పెద్దాయన వయసు అప్పటికి 74 ఏళ్లు. పేరు బొమ్మగాని ధర్మభిక్షం. చదువుకునే రోజుల్లో హాకీ పోటీల్లో ఆడిన క్రీడాకారుడు.

480 మంది ఎందుకు పోటీ చేశారు? అంతమందిని దాటి ఈయన ఎలా గెలిచారు? రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే అరవై ఏళ్లు వెనక్కి, సూర్యాపేటకు వెళ్లాలి.

బడి... బంతి... భిక్షం

సూర్యాపేట దగ్గరి ఊర్లుగొండలో 1922 ఫిబ్రవరి 15న గౌడ కుటుంబంలో పుట్టారాయన. అసలు పేరు భిక్షం. నల్గొండ పల్లెల్లో భిక్షమయ్యలు, భిక్షపతులు వీధికొకరు కనిపిస్తారు, పేరులో వింతేమీ లేదు. దాని ముందు ‘ధర్మ’ వచ్చి చేరడమే అసలు కథ.

అవి నిజాం పాలన రోజులు. చదువంతా ఉర్దూలో. కాస్త పెద్ద చదువు కావాలంటే పల్లె పిల్లలు పట్నం చేరాల్సిందే. చేరాక తినేదెక్కడ, పడుకునేదెక్కడ? సూర్యాపేటలో చదువుకుంటున్న భిక్షం తోటి పిల్లల ఆకలి చూశారు. ఇంటింటికీ తిరిగి చందాలు, ధాన్యం అడిగి తెచ్చి విద్యార్థుల వసతి గృహం నడిపారు. తన కోసం కాక పరుల కోసం చేయి చాచిన భిక్షం గనుక జనం నోట ‘ధర్మభిక్షం’ అయ్యారు. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

ఆటల్లో ఆయనకు హాకీ అంటే ప్రాణం. ఆ రోజుల్లో దేశమంతటా హాకీ గాలే వీస్తోంది మరి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్, 1932లో లాస్ ఏంజెలిస్, 1936లో బెర్లిన్... వరుసగా మూడు ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు మనవే. బెర్లిన్ ఫైనల్లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించినప్పుడు ధర్మభిక్షానికి పద్నాలుగేళ్లు. కర్ర పట్టిన ప్రతి కుర్రాడూ తానే ధ్యాన్‌చంద్ అనుకునే వయసు. అయితే హాకీలో ఒక్కడే బంతిని అట్టిపెట్టుకుంటే కుదరదు. పక్కవాడికి అందించాలి, ఖాళీ చూసుకుని మళ్లీ పరుగెత్తాలి. హాస్టల్‌కు గింజలు కూడగట్టిన కుర్రాడికి ఆ ఆట నచ్చిందంటే ఆశ్చర్యమేముంది!

కర్ర పోయి కలం... ఆపై జైలు

హాకీ కర్ర పక్కనపెట్టాక కలం పట్టారు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన ‘గోలకొండ’ పత్రికకు, ఆ తర్వాత ‘మీజాన్’కు వార్తలు రాశారు. ఆంధ్ర మహాసభలో తిరిగారు. అక్కడి నుంచి కమ్యూనిస్టు పార్టీ, తెలంగాణ సాయుధ పోరాటం, జైళ్లు.

1952 నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకే కామ్రేడ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీకి దిగారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో నెహ్రూను సైతం మించి లోక్‌సభకు వెళ్లిన ఎన్నిక అదే. ధర్మభిక్షం సూర్యాపేట నుంచి శాసనసభలో అడుగుపెట్టారు. 1957లో నకిరేకల్, 1962లో నల్గొండ. మూడు ఎన్నికలు, మూడు నియోజకవర్గాలు, మూడు గెలుపులు. ప్రతిసారీ మైదానం మారినా ఫలితం మారలేదు.

ఆ తర్వాత చట్టసభకు మళ్లీ గెలవడానికి 29 ఏళ్లు పట్టింది. 1964లో పార్టీ రెండుగా చీలింది. పోరాటంలో భుజం భుజం కలిపినవాళ్లు ఎదురెదురు జెండాలు పట్టారు. ధర్మభిక్షం సీపీఐలోనే ఉండిపోయారు. పదవి లేని ఆ ఏళ్లలో ఆయనకు చేతినిండా పని కల్పించింది తాటిచెట్టు.

గీసేవాడికే చెట్టు

గీత కార్మికుడి బతుకు ఆయన పుట్టింటి సంగతే. మోకు, ముత్తాదు నమ్ముకుని పొద్దున్నే చెట్టెక్కినవాడు క్షేమంగా దిగుతాడన్న భరోసా లేదు. ప్రాణాలకు తెగించి కల్లు తీసేది ఒకరు, వేలంపాటలో చెట్లు పాడుకుని లాభం మూటగట్టేది మరొకరు. ‘దున్నేవాడికే భూమి’ అన్న నేలమీద ‘గీసేవాడికే చెట్టు’ అన్న మాట పుట్టింది అందుకే. కంట్రాక్టర్ల చేతుల్లోంచి చెట్లు గీత కార్మికుల సహకార సంఘాలకు దక్కాలని వాళ్లను కూడగట్టి ఊరూరా తిరిగారు ధర్మభిక్షం. శాసనసభలో ఉన్న పదిహేనేళ్లకన్నా ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది ఈ తిరుగుడే.

1991లో నల్గొండ ఆయనను లోక్‌సభకు పంపింది. తమాషా ఏమిటంటే, అదే ఎన్నికల్లో పక్కనున్న మిర్యాలగూడ నుంచి సీపీఎం తరఫున గెలిచింది భీమిరెడ్డి నరసింహారెడ్డి. ఇద్దరూ సాయుధ పోరాటం నాటి సహచరులే!

480 మంది ఎదురుపడితే...

ఇక 1996. పోటీకి దిగిన వందలాది మందికి ఎంపీ కావాలన్న కోరిక లేదు, ధర్మభిక్షం మీద కోపమూ లేదు. వాళ్లకు కావలసింది నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో నీటితో పాటు ఫ్లోరైడ్ వస్తోంది. పిల్లల పళ్లు గారపడుతున్నాయి, పెద్దల నడుములు వంగిపోతున్నాయి. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. ఆఫ్రికాలో టాంజానియా దాకా ఆ పేరు పాకింది. నల్గొండ పల్లెలకు మాత్రం కృష్ణా నీళ్లు రాలేదు. ఆ గోడు ఢిల్లీకి వినిపించాలని జల సాధన సమితి ఎంచుకున్న దారే ఈ మూకుమ్మడి నామినేషన్లు.

దేశమంతా విన్నది. ఎన్నికల సంఘం తల పట్టుకుంది. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి ఏకంగా 10 వేలకు పెంచారు. నీళ్లడిగితే సర్కారు ముందుగా పెంచింది డిపాజిట్!

అంతటి రద్దీలోనూ ఓటరు ధర్మభిక్షాన్నే ఏరుకున్నాడు. ఆయనకది సులువైన గెలుపు కాదు. 480 పేర్ల పుస్తకం నిజానికి గెలిచినవారికి రాసిన వినతిపత్రం. కాలం కూడా కలిసొచ్చినట్టే కనిపించింది. ఆ ఏడాదే సీపీఐ తొలిసారి కేంద్ర ప్రభుత్వంలో చేరింది, ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి అయ్యారు. కానీ యునైటెడ్ ఫ్రంట్ సర్కారు నిలవలేదు. 1997 డిసెంబరులో లోక్‌సభ రద్దయింది. ఏడాదిన్నర ముచ్చటే. 1998 ఎన్నికల్లో నల్గొండ నుంచి సీపీఐ తరఫున గెలిచింది మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన సురవరం సుధాకరరెడ్డి.

ధర్మభిక్షం 2011 మార్చి 26న కన్నుమూశారు. ఇంటింటికీ నల్లా నీళ్లిస్తామంటూ మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది 2015 జూన్‌లో. ఆయన పోయిన నాలుగేళ్లకు, ఆ బ్యాలెట్ పుస్తకం అచ్చయిన పంతొమ్మిదేళ్లకు.