వార్ధక్యంలో నిద్రలేమి: మందుకు ముందు వేళ

రాత్రంతా మెలకువ, పగలంతా మగత. అరవై దాటినవారిలో అనేకులు చెప్పుకొనే బాధ ఇది. హైదరాబాదు నగరపు వాయవ్యపు అంచున ఉన్న బాచుపల్లి వంటి చోట్ల దీనికి మరొక కారణం తోడవుతున్నది. ఇక్కడి అపార్టుమెంట్లలో ఉండే పిల్లలు చాలామంది హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మియాపూర్ రద్దీని దాటి ఇల్లు చేరేసరికి రాత్రి అవుతుంది. అమెరికా వేళలకు పనిచేసేవారి ఇంట దీపం అర్ధరాత్రి దాకా ఆరదు. మనుమల కోసం సొంత ఊరు విడిచి వచ్చిన తల్లిదండ్రులు, పిల్లలు వచ్చేదాకా కంచం ముందు కూర్చోరు.

శాస్త్రం చెప్పేది

శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలలో ఆహారం తరువాత నిద్రనే చరకాచార్యుడు పేర్కొన్నాడు. వార్ధక్యంలో వాతం ప్రబలుతుంది గనుక నిద్ర తేలికై, ముక్కలవుతుంది. వయస్సుతో గాఢనిద్ర తగ్గుతుందనీ, శరీరంలోని గడియారం ముందుకు జరుగుతుందనీ ఆధునిక వైద్యం కూడ చెబుతున్నది. రాత్రి 8 గంటలకే కన్నులు మూతపడడం, 4 గంటలకే మెలకువ రావడం తమంత తాముగా రోగాలు కావు. అయితే పెద్దలకు కూడ 7, 8 గంటల నిద్ర అవసరమే. 8 గంటలకు వచ్చిన నిద్రను 11 దాకా ఆపినా మెలకువ 4 గంటలకే వస్తుంది. ఆ లోటును పగటి కునుకు తీరుస్తుంది. ఆ కునుకే మరునాటి రాత్రి నిద్రను హరిస్తుంది.

ఇంట పాటించవలసినవి

1. వృద్ధులకు రాత్రి 7.30 గంటలలోపు మితభోజనం పెట్టవలెను. "మా కోసం ఆగవద్దు" అని పిల్లలే చెప్పవలెను. పెద్దలు తమంతట ఆ మాట అనరు.

2. మరీ పెందలాడే నిద్ర ముంచుకువచ్చేవారు సాయంత్రం 5 గంటల వెలుగులో అరగంట నడువవలెను.

3. వృద్ధులకు పగటినిద్ర నిషిద్ధం కాదని చరకమే అనుమతించింది. కాని రాత్రి నిద్ర పట్టనివారు మధ్యాహ్నం 3 లోపు అరగంటతో ముగించవలెను.

4. నిద్రకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దించి, జారకుండ పూర్తిగా తుడువవలెను.

5. నిద్రలేమికి గేదెపాలు హితమని శాస్త్రవచనం. జీర్ణశక్తి మందమైతే ఆవుపాలు మేలు. పడకకు గంటన్నర ముందు చిన్న గ్లాసుడు చాలును. మధుమేహులు చక్కెర వేయరాదు. మధ్యాహ్నం తరువాత కాఫీ మానవలెను.

6. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకున్న మంచం దిగి, మసక వెలుగులో జపమో, పఠనమో చేసి, నిద్ర వచ్చినప్పుడే పడుకొనవలెను.

నిద్రమాత్రల విషయం

ఇరుగుపొరుగువారి మాత్ర తెచ్చి మింగడం ప్రమాదకరం. మత్తుతో రాత్రి మూత్రానికి లేచి పడిపోయి తుంటి ఎముక విరిగితే, ఆ వయస్సులో తిరిగి నడవడమే కష్టం. జ్ఞాపకశక్తి కూడ మందగిస్తుంది. ఇదివరకే వాడుతున్నవారు హఠాత్తుగా ఆపరాదు. వైద్యుడే క్రమంగా తగ్గించవలెను. అశ్వగంధ, జటామాంసి వంటివి కూడ ఆ మాత్రలతో కలిపి సొంతంగా వాడరాదు. సర్పగంధ రక్తపోటును దించుతుంది. వైద్యుడు లేనిదే ముట్టరాదు. జాజికాయ మోతాదు మించితే విషమవుతుంది.

వైద్యుని చూడవలసిన లక్షణాలు

గట్టి గురక మధ్య శ్వాస ఆగడం, వెల్లకిల పడుకుంటే ఆయాసం, రాత్రులు కాళ్ళు పీకి కదపక తప్పకపోవడం, కలలో అరుస్తూ చేతులు విసరడం, మూత్రానికి పదేపదే లేవడం, వీడని దిగులు ఉంటే ఆలస్యం చేయరాదు. కాళ్ళపీకుడుకు ఇనుము లోపం, మూత్రబాధకు మధుమేహమో, ప్రోస్టేటు వాపో, సాయంత్రం వేసుకొనే రక్తపోటు మాత్రయో కారణం కావచ్చును. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర లేకున్నను పరీక్ష అవసరం.

ఇతర రోగమేమీ లేనివారు ముందుగా రెండు వారాలు ఈ వేళలు పాటించి, పడుకున్న సమయం, లేచిన సమయం ఒక పుస్తకంలో వ్రాసుకొనవలెను. వైద్యుని వద్దకు వెళ్ళవలసివస్తే ఆ పుస్తకమే సగం రోగనిర్ణయం చేస్తుంది.