నీళ్ల బకెట్‌లో విద్యుత్తు: హీటర్ రాడ్, గీజర్‌లను ఇంట్లో సురక్షితంగా అమర్చుకోవడం ఎలా?

ధనుర్మాసం వచ్చిందంటే లంబసింగి నుంచి ఆదిలాబాద్ వరకు తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుకోవడం కష్టం. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే రోజులు పట్టణాల్లో దాదాపు పోయాయి. వాటి స్థానంలో స్తోమత ఉన్న ఇళ్లలో గీజర్, లేని ఇళ్లలో బకెట్‌లో వేలాడదీసే హీటర్ రాడ్ వచ్చాయి. నీళ్లు కాగాయో లేదో చూడటానికి బకెట్‌లో వేలు ముంచడం మాత్రం కాగు కాలం నాటి అలవాటే. స్విచ్చు ఆపకుండా చేసే ఆ ఒక్క పని ప్రతి చలికాలంలోనూ కొన్ని ఇళ్లలో విషాదాన్ని మిగులుస్తోంది.

దేశంలో విద్యుదాఘాతంతో మరణిస్తున్నవారి సంఖ్య ఏటా 10,000కు పైనే ఉంటోందని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. ఇందులో పొలాల్లో మోటార్ల దగ్గర, తెగిపడిన తీగల వల్ల జరిగిన మరణాలూ ఉన్నాయి. అయితే ఇంటి లోపల జరిగే ప్రమాదాలకు ఒక ప్రత్యేకత ఉంది. కొద్దిపాటి ఖర్చుతో, ఒకటి రెండు గంటల పనితో వాటిలో చాలా వాటిని నివారించవచ్చు.

రాడ్ లోపల ఏముంటుంది?

బయటికి కనిపించేది లోహపు గొట్టం మాత్రమే. దాని మధ్యలో సన్నని నిక్రోమ్ తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. విద్యుత్తు ప్రవహించేది, వేడెక్కేది ఆ తీగే. తీగకూ గొట్టానికీ నడుమ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది కానీ విద్యుత్తును పంపదు. రాడ్ సురక్షితంగా ఉందంటే ఆ పొడి పొర చెక్కుచెదరకుండా ఉందని అర్థం.

నీళ్లు లేకుండా స్విచ్చు వేసినప్పుడు గొట్టం అతిగా వేడెక్కి పగుళ్లు బారుతుంది. బోరు నీటిలోని లవణాలు తెల్లని పెచ్చులా పేరుకుపోయినప్పుడు వేడి బయటికి పోక లోపలి తీగ మీద భారం పెరుగుతుంది. కాలక్రమంలో గొట్టం తుప్పు పట్టి సూదిమొనంత రంధ్రం పడినా చాలు, తేమ లోపలికి చేరుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తడిసిన పొడి ఇక విద్యుత్తును ఆపలేదు.

ఇక్కడే అసలు ముప్పు పొంచి ఉంది. ఇంత జరిగినా రాడ్ పనిచేస్తూనే ఉంటుంది, నీళ్లు కాగుతూనే ఉంటాయి. పొగ రాదు, వాసన రాదు. ప్లాస్టిక్ బకెట్ అయితే విద్యుత్తు నేలకు చేరే దారి కూడా ఉండదు. తడి నేల మీద నిలబడిన మనిషి వేలు ముంచిన క్షణాన ఆ దారి ఏర్పడుతుంది.

ఎంత విద్యుత్తు ప్రమాదకరం?

మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. తడిసిన శరీరం విద్యుత్తును అడ్డుకునే శక్తి సుమారు 1,000 ఓమ్‌లకు పడిపోవచ్చు. ఆ లెక్కన శరీరం గుండా 230 మిల్లీ ఆంపియర్ల దాకా ప్రవహించే అవకాశం ఉంది.

ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర చిన్న జివ్వుమనే స్పర్శ తెలుస్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లకు కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి వస్తుంది. 30 దాటి కొంతసేపు ప్రవహిస్తే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ఆపైన గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఎంత ప్రవహించింది అన్నదానితో పాటు ఎంతసేపు ప్రవహించింది అన్నది కూడా ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ స్వచ్ఛంద సేవకుల మీద ప్రయోగాలు చేసి ఈ హద్దులను కొలిచారు. నేటి రక్షణ పరికరాల రూపకల్పనకు ఆ పరిశోధన ఒక పునాది.

ఎంసీబీ ఉంది కదా, అది చాలదా?

చాలదు. చాలామందిలో ఉన్న అపోహ ఇదే. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 1,500 వాట్ల రాడ్ మామూలుగా 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. మనిషి గుండా పోయే 230 మిల్లీ ఆంపియర్లు అందులో 28వ వంతు మాత్రమే. 16 ఆంపియర్లు దాటితేనే స్పందించేలా తయారైన ఎంసీబీకి ఆ తేడా తెలియనే తెలియదు. ప్రాణం పోయేంత ప్రవాహం దాని లెక్కలో చిన్న బల్బు వెలిగినదానితో సమానం.

ఎర్తింగ్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు?

మూడు పిన్నుల ప్లగ్‌లో పైన ఉండే లావుపాటి పిన్ను ఎర్త్‌ది. అది మిగతా రెండింటికన్నా పొడవుగా ఉండటానికి కారణం ఉంది. ప్లగ్ పెట్టేటప్పుడు ముందుగా ఎర్త్ కలవాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి. పరికరం లోహపు భాగానికి విద్యుత్తు చేరితే అది మనిషి కోసం ఎదురుచూడకుండా ఈ తీగ గుండా భూమిలోకి వెళ్లిపోతుంది.

అయితే భూమిలోకి వెళ్లే దారి ఎంత సులువుగా ఉందన్నది ముఖ్యం. ఎర్త్ గొయ్యి నిరోధం 5 ఓమ్‌లు ఉంటే లోపం తలెత్తినప్పుడు 46 ఆంపియర్లు ప్రవహిస్తాయి, 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది. వేసవిలో గొయ్యి ఎండిపోయి నిరోధం 50 ఓమ్‌లకు చేరితే ప్రవహించేది 4.6 ఆంపియర్లే. అప్పుడు ఎంసీబీ పడదు, గీజర్ లోహపు తొడుగు మీద విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది. ఎర్త్ గొయ్యిలో అప్పుడప్పుడూ నీళ్లు పోయాలని పెద్దలు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. ఎర్తింగ్ ఒక్కటే ఎందుకు సరిపోదో కూడా ఈ లెక్కే చెబుతుంది.

కొన్ని పాత ఇళ్లలో ఎర్త్ తీగే ఉండదు. అలాంటి చోట సాకెట్ వెనక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న ముక్క తీగతో కలిపేసే అలవాటు ఉంది. ఇది అత్యంత ప్రమాదకరమైన అడ్డదారి. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగితే ఆ సాకెట్‌కు తగిలించిన ప్రతి పరికరం తొడుగు మీదికీ 230 వోల్టులు వచ్చి చేరతాయి.

ప్రాణరక్షణకు ఆర్‌సీసీబీ

ఈ లోటును పూడ్చేది ఆర్‌సీసీబీ. కొన్ని దుకాణాల్లో దీన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఫేజ్ తీగలో వెళ్లిన విద్యుత్తు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నాయా అని ఇది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత విద్యుత్తు మరో దారిన, బహుశా ఒక మనిషి గుండా, భూమిలోకి పోతోందన్నమాట. 30 మిల్లీ ఆంపియర్ల రకం ఆర్‌సీసీబీ అంతే తేడాకు సెకనులో 3 పదో వంతుల లోపు, దానికి 5 రెట్ల తేడాకు సెకనులో 4 వందో వంతుల లోపు సరఫరాను తెంచేయాలి. అది షాక్‌ను పూర్తిగా రానివ్వకుండా ఆపదు, గుండె లయ తప్పేంత వ్యవధి ఇవ్వకుండా ఆపుతుంది.

కొనేటప్పుడు చూడవలసిన అంకె 30 మిల్లీ ఆంపియర్లు. 100, 300 అని రాసి ఉన్నవి ప్రధానంగా అగ్ని ప్రమాదాల నివారణకు ఉద్దేశించినవి, వ్యక్తుల రక్షణకు కావు. ఆర్‌సీసీబీ అధిక భారాన్ని ఆపలేదు కనుక దానితో పాటు ఎంసీబీ తప్పనిసరి. రెండు పనులూ చేసే ఆర్‌సీబీవో కూడా మార్కెట్‌లో దొరుకుతుంది.

పరికరం మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి. వెంటనే పడిపోకపోతే మార్చాలి. ఆ బటన్ ఆర్‌సీసీబీ పనితీరునే పరీక్షిస్తుంది, ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేయించడం కొందరు చేసే పెద్ద పొరపాటు. గీజర్ వేసినప్పుడే పడిపోతుంటే గీజర్ లోపలి ఎలిమెంట్ లీకవుతోందని అది హెచ్చరిస్తున్నట్లే. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను ఇతర వైరింగ్‌తో కలిపేసినా పడిపోతుంది. సరిచేయవలసింది ఆ లోపాన్ని.

సాకెట్, వైరు ఎలా ఉండాలి?

1,500 వాట్ల రాడ్ 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దానికి సరిపోదు. 2,000 వాట్ల గీజర్‌కు 8.7, 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు 13 ఆంపియర్లు కావాలి. వీటన్నిటికీ 16 ఆంపియర్ల సాకెట్, పంపిణీ పెట్టె నుంచి విడిగా లాగిన తీగ అవసరం. పవర్ సాకెట్‌కు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయడం మంచి పద్ధతి. పెద్ద ప్లగ్‌ను చిన్న సాకెట్‌కు తగిలించే అడాప్టర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు నీళ్లు కాచే పరికరాలకు వాడరాదు. ప్లగ్ వేడెక్కడం, నల్లబడటం కనిపిస్తే వాడకం ఆపేయాలి.

స్విచ్చు ఫేజ్ తీగ మీద ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెడితే స్విచ్చు ఆపినా పరికరంలో విద్యుత్తు నిలిచే ఉంటుంది. ఒక్క టెస్టర్‌తో తెలిసిపోయే ఈ లోపాన్ని కొత్త ఇంట్లోకి దిగిన రోజే ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవచ్చు.

గీజర్ విషయంలో మరో జాగ్రత్త

స్టోరేజీ గీజర్ ఒక మూసి ఉన్న తొట్టి. నీరు తగిన వేడికి చేరగానే థర్మోస్టాట్ విద్యుత్తును ఆపుతుంది. అది విఫలమైతే థర్మల్ కటౌట్, అదీ విఫలమైతే పీడనాన్ని వదిలేసే సేఫ్టీ వాల్వ్ అడ్డుకుంటాయి. వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయని దానికి బిరడా బిగించడం అంటే చివరి రక్షణను చేజేతులా మూసేయడమే. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల వద్ద ఉంచినా ఆ నీరు నేరుగా పడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లలో చన్నీళ్లు ముందు వదిలి, తర్వాత వేన్నీళ్లు కలపడం అలవాటు చేసుకోవాలి.

రాడ్ అయినా గీజర్ అయినా ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే కొనాలి. గుర్తు కింద ఉండే లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

రాడ్ వాడే క్రమం

బకెట్‌లో ముందు నీళ్లు నింపాలి. రాడ్ మీద గీసి ఉన్న గుర్తు వరకు అది మునగాలి, గుర్తుకు పైన తడవకూడదు. ఆ తర్వాతే ప్లగ్ పెట్టాలి, అన్నిటికన్నా చివర స్విచ్చు వేయాలి. తీసేటప్పుడు ఈ క్రమం తిరగబడాలి: స్విచ్చు ఆపి, ప్లగ్ తీసి, కాసేపు ఆగాక రాడ్ పైకెత్తాలి. ప్లగ్ సాకెట్‌లో ఉన్నంతసేపు నీటిని, రాడ్‌ను, లోహపు బకెట్‌ను తాకరాదు.

వేలు ముంచి చూడవలసిన అవసరమే లేదు. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 1,500 వాట్ల రాడ్‌కు దాదాపు 23 నిమిషాలు, 1,000 వాట్ల రాడ్‌కు 35 నిమిషాలు పడుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చాలు. రాడ్‌ను స్నానాల గదిలో కాకుండా పొడి నేల ఉన్న చోట, పిల్లలకు అందకుండా పెట్టాలి.

అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో

రాడ్‌లను ఎక్కువగా వాడేది అద్దె గదుల్లోని విద్యార్థులు, చిరుద్యోగులు. వైరింగ్ మార్చే అధికారం వారికి ఉండదు. గదిలో చేరేముందే సాకెట్‌కు ఎర్త్ ఉందా, మెయిన్ బోర్డులో టెస్ట్ బటన్ ఉన్న పరికరం ఉందా అని చూడటం, లేకుంటే యజమానిని అడగడం వారి చేతిలో ఉన్న పని. ఎర్త్ తీగ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. అయితే ఎర్త్ ఉన్నచోట లోపం తలెత్తగానే పడిపోతుంది, లేనిచోట మనిషి తాకిన తర్వాతే పడిపోతుంది. గృహ కనెక్షన్లలో లీకేజీ రక్షణ పరిమితి 30 మిల్లీ ఆంపియర్లు మించరాదని కేంద్ర విద్యుత్ సాధికార సంస్థ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

ఎవరికైనా షాక్ కొడితే

ముందు మెయిన్ ఆపాలి. ఆపకుండా బాధితుణ్ని చేత్తో లాగితే ఇద్దరూ చిక్కుకుంటారు. ఒకరిని కాపాడబోయి మరొకరు మరణించిన ఘటనలు ఇలాంటివే. మెయిన్ అందుబాటులో లేకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో బాధితుణ్ని దూరంగా నెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేక, శ్వాస ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా కొనసాగించాలి. తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించడం మంచిది.

ఆర్‌సీసీబీ అమర్చడం, ఎర్త్ సరిచూడటం అర్హత గల ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. స్విచ్చు ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. మొదటిది కుదిరే వరకు ఆగకుండా, రెండోది రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు.