ఉప్పు ఎడారిలో... నీళ్ల నగరం!

చుట్టూ కనుచూపు మేరా తెల్లటి ఉప్పు. వానలు పడినప్పుడు తప్ప నీళ్లు కనపడని రెండు వాగులు. అలాంటి చోట దాదాపు ఐదువేల ఏళ్ల క్రితం ఓ నగరం వెలిసింది. ఒకటీ రెండూ కాదు, సుమారు పదిహేను వందల ఏళ్లు నిలిచింది. దాని పేరు ధోలావీరా. గుజరాత్‌లోని కచ్‌ జిల్లాలో ఉంది. ఈ చలికాలం ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లాలనుకుంటున్నారా? అయితే టికెట్లు కొనేముందు ఇది చదవండి.

హరప్పా, మొహెంజొదారో... ఆరో తరగతి పాఠంలో మనమంతా చదువుకున్న పేర్లే. వాటిని చూద్దామంటే మాత్రం కష్టం. రెండూ పాకిస్థాన్‌లో ఉండిపోయాయి. ఆ నాగరికతకు చెందిన అతిపెద్ద నగరాల్లో ఒకటైన ధోలావీరా మాత్రం మన దగ్గరే ఉంది. అదీ రణ్‌ ఆఫ్‌ కచ్‌ నడిబొడ్డున, ఖదిర్‌ అనే దీవిలో. దీవి అంటే ఎప్పుడూ చుట్టూ నీళ్లుంటాయని కాదు. వానాకాలంలో రణ్‌ అంతా నీటితో నిండుతుంది. తర్వాత ఎండిపోయి ఉప్పు మేట వేస్తుంది. ఆ తెల్లటి మైదానం మధ్యలో ఎత్తుగా కనిపించే నేలే ఖదిర్‌.

ఊరివాళ్లు ఈ దిబ్బను ‘కోటడా’ అని పిలుచుకునేవారు. కోట అన్నమాట. భారత పురావస్తు శాఖకు చెందిన జగత్‌పతి జోషి 1960ల చివర్లో దీన్ని గుర్తించారు. ఆర్‌.ఎస్‌.బిష్త్‌ ఆధ్వర్యంలో 1989 నుంచి 2005 మధ్య పదమూడు విడతలుగా తవ్వకాలు జరిగాయి. 2021 జులై 27న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. సరిగ్గా దానికి రెండు రోజుల ముందే మన రామప్ప గుడికి అదే గుర్తింపు దక్కింది. ఆ సంగతి మనందరికీ గుర్తుంది. పక్కనే వచ్చిన ధోలావీరా పేరు మాత్రం చాలామంది మర్చిపోయారు!

ఇంతేనా... అనుకోకూడదంటే

ముందే ఒక మాట. హంపిలోలా శిల్పాలు, ఎల్లోరాలోలా గుహలు ఇక్కడ ఉండవు. తాజ్‌మహల్‌లా దూరం నుంచే అబ్బురపరిచే కట్టడమూ లేదు. ఏమీ తెలియకుండా వెళితే కనిపించేవి రాళ్ల గోడలు, గుంతలు, మెట్లే. పది నిమిషాల్లో పిల్లలు ‘ఇంకెంతసేపు నాన్నా’ అంటారు. అంతదూరం ప్రయాణం, ఖర్చు, సెలవులు... అన్నీ వృథా అయినట్టే. అందుకే అక్కడ ఏం చూడాలో ఇంటిదగ్గరే తెలుసుకుని వెళ్లాలి. అందులో మొట్టమొదట తెలుసుకోవాల్సింది నీళ్ల సంగతి.

కచ్‌లో సగటు వర్షపాతం మన అనంతపురంలో కురిసేదానికన్నా తక్కువ. దగ్గర్లో ఏడాది పొడవునా పారే నది లేదు. ఊరికి ఉత్తరాన మన్సర్‌, దక్షిణాన మన్హర్‌ అనే వాగులున్నాయి. వాన పడినప్పుడే వాటికి ప్రాణం. ధోలావీరా జనం ఆ కొద్దిరోజుల వరదనే నమ్ముకున్నారు. వాగులకు అడ్డంగా రాతి కట్టలు వేశారు. ఇప్పుడు మనం చెక్‌డ్యాంలు అంటున్నామే, అలాంటివే. ఆగిన నీటిని నగరంలోకి మళ్లించారు. నేల ఎటు వాలుగా ఉందో చూసి, ఆ వాలునే వరసగా జలాశయాలు తవ్వారు. ఒకటి నిండితే నీళ్లు పక్కదానిలోకి పోతాయి. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్లకి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. కాకపోతే వీళ్లు కాకతీయులకన్నా మూడువేల ఏళ్లకు పైగా ముందువాళ్లు!

ఇలాంటి జలాశయాలు పదహారు దాకా ఉండేవని పరిశోధకుల అంచనా. కోటకు తూర్పున ఉన్నది అన్నిటికన్నా చెప్పుకోదగ్గది. పొడవు సుమారు 73 మీటర్లు, వెడల్పు 29 మీటర్లు, లోతు 10 మీటర్లు. అంటే మూడంతస్తుల మేడ మునిగిపోయేంత లోతు. అడుగుదాకా దిగడానికి మెట్లు కట్టారు. దక్షిణం వైపున్న కొన్నిటిని ఏకంగా రాతిని తొలిచి చేశారు. ఇనుము తెలియని కాలంలో! కోట మీద పడిన వాన చుక్క కూడా వృథాగా పోకుండా రాతి కాలువలు వేశారు. వాటిలో కొన్ని మనిషి నడిచి వెళ్లగలిగేంత పెద్దవి.

పిల్లలకు ఈ విషయాలు ముందే చెప్పండి. ‘వాన ఇక్కడ పడితే నీళ్లు ఎటు పోతాయి?’ అని అక్కడ అడగండి. వాళ్లే కాలువ వెంబడి నడుచుకుంటూ వెళ్లి చెరువు దగ్గర తేలతారు. ఇక ఇంకెంతసేపు అని అడగరు.

ఏమేం చూడాలి?

నగరంలో మూడు ప్రధాన భాగాలున్నాయి. ఎత్తయిన చోట కోట, దాని కింద మధ్య పట్టణం, ఆపైన దిగువ పట్టణం. మొహెంజొదారోలో ఎక్కడ చూసినా ఇటుకలే అయితే, ఇక్కడ ఎక్కువగా రాయి వాడారు. కోట ద్వారాల దగ్గర నునుపు తేల్చిన రాతి స్తంభాల ముక్కలు కనిపిస్తాయి. వేల ఏళ్లు గడిచినా వాటి నున్నదనం పోలేదు.

కోటకు, మధ్య పట్టణానికి నడుమ పెద్ద మైదానం ఉంది. పొడవు 283 మీటర్లు. పక్కన జనం కూర్చోవడానికి వీలుగా అరుగులు. ఉత్సవాలు జరిగేవా, సంత జరిగేదా, ఆటలు ఆడేవారా... పండితులు రకరకాలుగా చెబుతారు.

కోట ఉత్తర ద్వారం దగ్గర కాసేపు ఆగండి. తవ్వకాల్లో దొరికిన ఒక బోర్డు ఇక్కడిదే. పది పెద్ద అక్షరాలు. తెల్లటి జిప్సం ముక్కలు పేర్చి, ఒక్కోటి జానెడున్నరకు పైగా ఎత్తుతో చేశారు. సింధు లిపి అనగానే బొటనవేలంత ముద్రలే గుర్తొస్తాయి. ఇది మాత్రం దూరం నుంచి చదువుకోవడానికి పెట్టిన రాత. ఊరి పేరా? రాజుగారి పేరా? దేవుడి పేరా? ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు.

పడమర వైపు శ్మశానం ఉంది. గుండ్రటి దిబ్బ సమాధి, దానిలో బండి చక్రపు ఆకుల్లా కట్టిన గోడలు చూడొచ్చు. చిత్రమేమిటంటే ఇక్కడి సమాధుల్లో చాలావాటిలో అస్థిపంజరాలు లేవు. కుండలు, పూసలు లాంటివే ఉన్నాయి. దూరదేశం వెళ్లి తిరిగిరాని వాళ్ల కోసం కట్టారేమోనని కొందరి ఊహ.

మరి అంత తెలివైన జనం ఎందుకు వెళ్లిపోయారు? వానలు తగ్గాయి, వ్యాపారం దెబ్బతింది, భూకంపాలొచ్చాయి... కారణాలు చాలానే చెబుతారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌ సహా కొన్ని సంస్థల శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హిమాలయాల మంచునీటితో రణ్‌లోకి వచ్చే ఒక నది ఎండిపోవడానికీ ఈ నగరం క్షీణతకూ సంబంధం ఉంది. చివరి రోజుల్లో మిగిలిన కొద్దిమంది గుండ్రటి గుడిసెలు వేసుకుని బతికారు. పదహారు చెరువులున్న ఊరికి కూడా కరవు తప్పలేదన్నమాట. బోరు ఎండిపోతే ఇంకో బోరు వేసే మనం ఆలోచించాల్సిన విషయమిది.

ఎప్పుడు? ఎలా?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వేసవి సెలవుల్లో అస్సలు వద్దు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. శిథిలాల మధ్య నీడ దాదాపు ఉండదు. దసరాకి వెళితే రణ్‌ ఇంకా తడిగానే ఉండొచ్చు. తెల్లటి ఉప్పు చూసే భాగ్యం దక్కదు. మన పిల్లలకి సంక్రాంతి సెలవులే సరైన సమయం. అయితే అప్పుడే గుజరాత్‌లో ఉత్తరాయణ్‌ గాలిపటాల పండుగ. రైళ్లు, హోటళ్లు కిటకిటలాడతాయి. రెండు నెలల ముందే రిజర్వేషన్‌ చేసుకోవాలి.

హైదరాబాద్‌ నుంచి విమానంలో గానీ రైల్లో గానీ అహ్మదాబాద్‌ చేరుకోవచ్చు. అక్కడి నుంచి భుజ్‌కి రైళ్లున్నాయి. 2024 సెప్టెంబరులో మొదలైన నమో భారత్‌ ర్యాపిడ్‌ రైలు కూడా ఈ దారిలోదే. ఒక రోజు భుజ్‌లో ఆగి, 2001 భూకంప మృతుల జ్ఞాపకార్థం కట్టిన స్మృతివన్‌ చూడండి. మర్నాడు ఉదయం కారు మాట్లాడుకుని ఖావ్డా మీదుగా ధోలావీరా బయల్దేరండి. గతంలో రాపర్‌ మీదుగా చుట్టూ తిరిగి రెండొందల కిలోమీటర్లకు పైగా వెళ్లాల్సొచ్చేది. ఇప్పుడు రణ్‌ మధ్యగా వేసిన రోడ్డుతో దూరం బాగా తగ్గింది. రోడ్డుకి అటూ ఇటూ తెల్లటి ఉప్పే. దీన్ని ‘రోడ్‌ టు హెవెన్‌’ అంటున్నారు.

మధ్యాహ్నానికి చేరితే, ఆ పూట దగ్గర్లోని శిలాజాల పార్కు చూడొచ్చు. జురాసిక్‌ కాలం నాటి చెట్ల మానులు రాళ్లుగా మారి కనిపిస్తాయి. రాత్రి అక్కడే ఉండండి. ధోలావీరాలో హోటళ్లు తక్కువ, కాబట్టి గది ఖరారు చేసుకున్నాకే బయల్దేరాలి. మర్నాడు పొద్దున్నే ఎండెక్కకముందు నగరంలోకి వెళ్లండి. తాపీగా చూడటానికి మూడు గంటలు కావాలి. ఊళ్లో తవ్వకాల్లో కూలికి వెళ్లిన కుటుంబాలున్నాయి. వాళ్లలో ఒకరు గైడుగా దొరికితే వదులుకోవద్దు. తిరుగు ప్రయాణం రాపర్‌ మీదుగా సామాఖియాలీ లేదా భచావ్‌ స్టేషన్‌కి పెట్టుకుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాల్సిన పని ఉండదు.

ఇవి మర్చిపోవద్దు

* పురావస్తు శాఖ స్థల మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఆ రోజు తప్పించి వెళ్లండి.
* టోపీలు, బూట్లు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు వెంట ఉండాలి. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్లు పెట్టుకోండి.
* భుజ్‌లోనే పెట్రోలు నింపించుకోండి. కొంత నగదు దగ్గరుంచుకోండి. దారిలో ఫోన్‌ సిగ్నల్‌ అన్నిచోట్లా అందదు.
* మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు జలాశయం మెట్లు దిగకపోయినా ఫర్వాలేదు. గట్టు మీద నుంచి చూసినా లోతు తెలుస్తుంది.
* ధోర్డో దగ్గరి వైట్‌ రణ్‌ కూడా చూడాలనుకుంటే పర్మిట్‌ తీసుకోవాలి. గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోండి.
* సజ్జ రొట్టె, కిచిడీ, మజ్జిగ... కచ్‌ భోజనం మనవాళ్లకి పడుతుంది. కారం కావాలంటే మాత్రం ఇంటి పచ్చడి సీసా వెంట ఉండాల్సిందే!

చివరిగా పిల్లలకి తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. అక్కడ నేలమీద కుండ పెంకులు కనిపిస్తుంటాయి. గుర్తుగా ఒకటి జేబులో వేసుకోవాలనిపిస్తుంది. వద్దు. ఏ పెంకు ఎక్కడ పడి ఉందన్నదాన్ని బట్టే అక్కడి కథ తెలుస్తుంది. గోడలెక్కి ఫొటోలు దిగడం కూడా అంతే. ఇన్నివేల ఏళ్లు నిలిచిన గోడని మన సెల్ఫీ కోసం కూల్చకూడదు కదా. ఆ పది అక్షరాల్ని చదివే వాళ్లు రేపు మన పిల్లల్లోంచే రావొచ్చు. వాళ్లకి చదవడానికి అక్కడ ఏదో ఒకటి మిగిలి ఉండాలి.