గుండ్లకమ్మ ఒడ్డున

హాస్టల్ తమ్ముళ్ళారా! ‘మీదే ఊరు?’ అన్న తర్వాత ‘ఏ వాడ?’ అని అడుగుతారు. ‘దేవుని బిడ్డను’ అన్నదే క్రైస్తవ విశ్వాసం నేర్పిన జవాబు. 1866లో బాప్తిస్మం పొందిన తోళ్ళ వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య ఆ మాటను ఒంగోలు ప్రాంతపు మాదిగవాడలకు మోశారు. నమ్మినవారు ఆదివారం పనికి వెళ్ళకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు. వెట్టివాడు ‘ఈ రోజు రాను’ అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? బాధలు పెట్టారు. ఆత్మీయ ఎదుగుదల అంటే ఆ ఆదివారాలేనని నాకనిపిస్తుంది.

1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పించారు. తిండికోసం మతంలోకి వస్తారేమోనని బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు. కాలువ పని అయిపోయింది, కూలీ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో దిగినవారు 2,222 మంది.