మెయిన్ క్వెస్ట్ చిన్నదైతే మోసపోయినట్టేనా?

ఈ వారం కూడా కశింకోటలో మా మేడగది నుంచే. ముందే చెప్తున్నా, స్కైరిమ్, విచర్ 3 ముగింపులు చెప్పేస్తాను. ఇంకా ఆడుతున్నవాళ్ళు ఇక్కడే ఆపేయండి.

"అన్నా, ఇంత పెద్ద మ్యాప్ ఇచ్చి మెయిన్ కథ ఇంతేనా?" అని చాలామంది అడుగుతున్నారు. 2011లో వచ్చిన స్కైరిమ్ తిన్నగా ఆడితే సుమారు 30 గంటల్లో అయిపోద్ది. 2017 నాటి జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ మరీను. మొదటి పీఠభూమి దిగగానే సరాసరి కోటకెళ్ళి గానన్‌తో తలపడొచ్చు. స్పీడ్‌రన్నర్లు అరగంటలోపే ముగించేస్తారు.

మరి మిగతా మ్యాప్ దండగేనా? మనకిది కొత్తేం కాదండీ. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మెయిన్ క్వెస్ట్ ఒకటే ముక్క: కాశీ వెళ్ళాలి. కానీ మజిలీ మజిలీకీ గోపకుమారుడు ఏదో వింత చూసి అడుగుతాడు, మణిసిద్ధుడు కథ చెప్తాడు. అలా 12 భాగాలు! అన్నీ సైడ్ క్వెస్టులే.

కాబట్టి నా గొడవ నిడివితో కాదు. మనం దారిలో చేసింది ముగింపుకి గుర్తుందా లేదా, అదీ పాయింట్. స్కైరిమ్‌లో లోకాన్ని మింగేసే ఆల్డుయిన్‌ని చంపేస్తాం. తర్వాత? క్రెడిట్స్ కూడా పడవు. బయటికొస్తే నెత్తిమీద ఇంకో డ్రాగన్. 2022 నాటి ఎల్డెన్ రింగ్ నయం. 6 ముగింపుల్లో రన్నీది కావాలంటే ఆమె సైడ్ కథ పూర్తి చెయ్యాల్సిందే.

నన్ను ఏడిపించింది మాత్రం విచర్ 3. అప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రుళ్ళు కూర్చుని 80 గంటలు ఆడాను. చివర్లో సిరి తిరిగి రాలేదు! ఎక్కడ తప్పు చేశానా అని వెతికితే, కోడ్ లోపల చిన్న లెక్క అన్నమాట. కథలో 5 చోట్ల మనం ఆమెతో మసలుకున్న తీరుకి ప్లస్సో మైనస్సో పడుతుంది. ప్లస్‌లు 3 ఉంటే బతుకుతుంది. సిరి దిగులుగా ఉన్నప్పుడు "పర్లేదమ్మా, నీకన్నీ రావాలనేం లేదు" అన్నట్టు ఓదార్చాను. మైనస్! మంచు ఉండలు విసురుకుంటూ ఆడుకుంటే ప్లస్ పడేది. పెద్దల సమావేశానికి ఒక్కర్తినే పంపకుండా నేనూ వెళ్ళాను. మళ్ళీ మైనస్. అంతా ప్రేమే అనుకున్నానండీ, మా ఇంట్లో నాతో అచ్చం అలాగే ఉండేవారు మరి.

పాత సేవ్ ఒకటి దొరికింది, 20 గంటలు వెనక్కి. మళ్ళీ అక్కణ్ణుంచి ఆడాను.